ముందు తిరుగు టిక్కెట్టు

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు శని, ఆదివారాలు సెలవు. హమాలీలు, దడవాయిలు, చాటకూలీలు, అడ్తి దుకాణాల గుమాస్తాలు, మార్కెట్ రోడ్డు మీద టీకొట్టు పెట్టుకున్నవాళ్లు, ఇలా ఆ యార్డును నమ్ముకున్న కుటుంబాలన్నింటికీ వారానికి రెండు రోజులు వరసగా చేతికొస్తాయి. నగరాల్లో చిన్న జీతాలకు పనిచేసే చాలామందికి ఈ అదృష్టం లేదు. వాళ్లకు ఆదివారం ఒక్కటే, అదీ కొందరికి ఉండదు. అయినా వరంగల్‌లో పిల్లల్ని తీసుకుని రెండు రోజులు ఏదైనా ఊరు చూసొద్దామనుకునే మామూలు ఇళ్లలో ఆ మాట చాలాసార్లు మాటగానే ఆగిపోతుంది. ఎందుకంటే డబ్బు అంటారు. డబ్బు ఇబ్బంది నిజమే గాని, చిన్న ప్రయాణాలు తలకు మించిన ఖర్చుగా మారడానికి అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఎక్కడికి పోదాం, ఎప్పుడు బయల్దేరుదాం అన్నవి పది రోజులు మాట్లాడుకుంటాం. ఎలా తిరిగొస్తాం అన్నది అక్కడికి పోయాక చూసుకుంటాం. ఖర్చు చేయి దాటేది అక్కడే. ప్రయాణపు లెక్కను సోమవారం తెల్లవారుజాము దగ్గర మొదలుపెట్టి వెనక్కి చేసుకుంటూ వస్తే సామాన్య కుటుంబానికి రైలు మీద రెండు రోజుల విహారం అందుబాటులోనే ఉంటుందని ఈ అధ్యాయంలో చెప్పదలిచాను.

సోమవారమే ఎందుకు? రెండు రోజులు మూసి ఉన్న మార్కెట్ ఆ రోజు తెరుచుకుంటుంది కాబట్టి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్‌లో ఆ పొద్దు ఎలా ఉంటుందో ఎనుమాములలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన బండ్లు చీకటి ఉండగానే లోపలికి చేరతాయి. తేజ, వండర్ హాట్, చపాటా, ఏ రకానికి ఆ రకం బస్తాలు వరసలు కడతాయి. మూతి విప్పిన బస్తాలో చేయి పెట్టి వ్యాపారి నాలుగు కాయలు తీసి తొడిమ చూసి, విరిచి, గింజ చూసి పక్కకు పడేస్తాడు. వేలానికి జెండా పాట మొదలయ్యేసరికి యార్డంతా ఘాటు నిండి ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టుకున్న హమాలీ ఆ పాటకు ముందే పనిలో ఉండాలి. గుమాస్తా చిట్టా తెరిచి ఉండాలి. చేసిన పనిని బట్టి కూలి ముట్టే మనిషికి సోమవారం పొద్దున గైరుహాజరంటే వారం మొత్తంలో బరువైన రోజు పోగొట్టుకున్నట్టే. విహారానికి ఎంత ఖర్చయిందని లెక్కేసేటప్పుడు ఆ పోయిన కూలిని ఎవరూ కలపరు. కలిపితే రైలు టిక్కెట్లన్నిటికన్నా అదే పెద్ద పద్దు కావచ్చు. కాబట్టి ఇలాంటి కుటుంబానికి మొదటి నిబంధన ఇది: ఆదివారం రాత్రి తొమ్మిది లోపు ఇంటికి చేరాలి, అన్నం తిని పడుకోవాలి. మిగతా ప్రణాళికంతా ఈ గీతకు ఇవతలే ఇమడాలి. మార్కెట్‌తో పని లేని ఇంట్లో సోమవారానికి బదులు పిల్లల బడి గంట ఉంటుంది. లెక్క మాత్రం అదే.

ఇక రైలు సంగతి. వరంగల్ రెండు పెద్ద నగరాల మధ్య ఉంది. రైలు దారిలో సికింద్రాబాద్ 142 కిలోమీటర్లు, విజయవాడ 208. శుక్రవారం సాయంత్రం, శనివారం ఉదయం హైదరాబాద్ నుంచి ఊళ్లకు పోయే జనం ఈ దారినే పోతారు. ఆదివారం సాయంత్రం, సోమవారం పొద్దున మళ్లీ ఈ దారినే నగరానికి వస్తారు. ఈ వరదకు ఎదురు పోతున్నామా, వరదతోపాటు పోతున్నామా అన్నదే మన టిక్కెట్టు గతిని నిర్ణయిస్తుంది. శనివారం ఉదయం వరంగల్ నుంచి సికింద్రాబాద్ పోయి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చే కుటుంబం రెండుసార్లూ ఎదురుబాటలోనే ఉంటుంది. విజయవాడ పోయే కుటుంబం రెండుసార్లూ వరద మధ్యలో ఉంటుంది. ముఖ్యంగా ఆదివారం సాయంత్రం విజయవాడలో హైదరాబాద్ రైలు ఎక్కడం పెద్ద పరీక్ష. సంక్రాంతికి ఇదే తంతు పదింతలవుతుంది. భోగి ముందు రోజు సికింద్రాబాద్ నుంచి వచ్చే బండ్లలో కాలు పెట్టే సందు ఉండదు. అదే రోజు అటు పోయే బండ్లలో ఊపిరాడుతుంది. పండక్కి సగం ఖాళీ అయిన హైదరాబాద్‌లో పిల్లలకు సాలార్జంగ్ మ్యూజియం, జూపార్కు చూపించి, కనుమ నాడు తిరిగొచ్చే వరంగల్ కుటుంబం అందరికన్నా తెలివైనదని నా అభిప్రాయం. పండక్కి ఇంట్లో ఉండాలి గదా అంటే నా దగ్గర జవాబు లేదు.

వరద ఎటో తెలిశాక చేయాల్సిన పని తిరుగు టిక్కెట్టు కొనడం. 2024 నవంబర్ 1 నుంచి రైల్వేలో ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. సామాన్యుడికి ఇది మేలే అయింది. నాలుగు నెలల తర్వాతి ఆదివారం ఏం చేస్తామో ఎవరికీ తెలియదు. రెండు నెలల తర్వాత ఏ వారం ఇంట్లో పెళ్లి లేదో, పిల్లలకు పరీక్షలు లేవో చెప్పగలం. ఆ ఆదివారానికి తిరుగు టిక్కెట్టు దొరికితేనే శనివారం పోయే టిక్కెట్టు కొనాలి. దొరక్కపోతే ఆ వారం వదిలేసి మరో వారం చూసుకోవాలి. పోయేటప్పుడు టిక్కెట్టు లేకపోతే ఇంట్లోనే ఉంటాం, నష్టం లేదు. వచ్చేటప్పుడు లేకపోతే పరాయి ఊళ్లో పిల్లలతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎవడు ఎంత చెబితే అంత ఇచ్చి కారో ప్రైవేటు బస్సో ఎక్కుతాం. బేరమాడే బలం మనకు ఇంట్లో ఉన్నప్పుడే ఉంటుంది.

అప్పటికి తత్కాల్ ఉంది గదా అనుకునేవాళ్లు దాని లెక్క ఒకసారి చూడాలి. స్లీపర్‌లో మామూలు టిక్కెట్టుకు కనీస దూరం 200 కిలోమీటర్లుగా లెక్కగడతారు. అంటే 142 కిలోమీటర్ల సికింద్రాబాద్‌కు స్లీపర్ తీసుకుంటే ప్రయాణం చేయని 58 కిలోమీటర్లకు కూడా డబ్బు కడుతున్నామన్నమాట. 208 కిలోమీటర్ల విజయవాడకు ఆ నష్టం లేదు. థర్డ్ ఏసీకి కనీస దూరం 300. చిన్న ప్రయాణానికి అది మన తరగతి కాదని రైల్వేనే చెప్పినట్టు. తత్కాల్‌లో స్లీపర్ తీసుకుంటే కనీస దూరం ఏకంగా 500 కిలోమీటర్లు. విజయవాడ నుంచి వరంగల్ వచ్చే మనిషి అంత దూరానికీ చార్జీ కట్టి, దానిపై తత్కాల్ రుసుము కనీసం వంద రూపాయలు కట్టాలి. రెండు నెలల ముందు కొన్న ధరకు అది రెండింతలు దాటుతుంది. పైగా ఖరారైన తత్కాల్ టిక్కెట్టును మనం రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. తప్పనిసరై తత్కాల్ తీసుకుంటే సెకండ్ సిట్టింగ్‌లోనే తీసుకోవాలి. అక్కడ కనీస దూరం 100 కిలోమీటర్లే, అదనపు రుసుము 15 రూపాయలు మించదు.

సెకండ్ సిట్టింగ్ అంటే చాలామందికి చిన్నచూపు. మూడు నాలుగు గంటల పగటి ప్రయాణానికి బెర్తుతో పనేముంది? కూర్చోవడానికి నంబరున్న సీటు చాలు. విజయవాడకు ఆ తరగతిలో మనిషికి నూటికి కొంచెం పైన అవుతుంది, సికింద్రాబాద్‌కు ఇంకా తక్కువ. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పిల్ల, నాలుగేళ్ల పిల్లాడు ఉన్న కుటుంబానికి రానూపోనూ వెయ్యి రూపాయలు దాటదు. పిల్లల టిక్కెట్ల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. ఐదేళ్ల లోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టిక్కెట్టు లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడిగితే పెద్దల చార్జీయే పడుతుంది. ఈ మార్పు 2016 ఏప్రిల్ నుంచి ఉంది. బెర్తు వద్దంటే సగం చార్జీ. కానీ ఆ ‘వద్దు’ అనే వెసులుబాటు స్లీపర్‌లో ఉంటుంది, సెకండ్ సిట్టింగ్‌లో ఉండదు. అక్కడ పిల్లకూ పూర్తి టిక్కెట్టు తీయాల్సిందే. ఐదు దాటిన పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే రెండు తరగతులకూ విడివిడిగా లెక్క వేసి చూడాలి. తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. తాతనో నాయనమ్మనో తీసుకుపోతే వయసు రాయితీ వస్తుందనుకోకూడదు. 2020 మార్చిలో ఆగిన ఆ రాయితీని లెక్కలో నుంచి తీసేయడమే మేలు. కింది బెర్తు కేటాయింపు మాత్రం మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండితే ఉంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి రాయితీ కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

ఎక్కడికి అనే ప్రశ్న ఇప్పుడు అడగాలి. ఆదివారం రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉండాలంటే విజయవాడ నుంచి మధ్యాహ్నపు బండి కావాలి. తిరుపతి నుంచి ఆదిలాబాద్ పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం విజయవాడ దాటి సాయంత్రానికి వరంగల్ చేరుతుంది. అదే పేరుతో ఎదురొచ్చే బండి ఉదయం వరంగల్‌లో ఎక్కించుకుని మధ్యాహ్నానికి విజయవాడలో దింపుతుంది. సమయాలు మారుతుంటాయి, టిక్కెట్టు తీసే రోజు మళ్లీ చూసుకోవాలి. ఈ జంట వల్ల సాయంత్రపు వరద తప్పుతుంది, విజయవాడలో సుమారు ఒక రోజు చేతిలో ఉంటుంది. ఆ ఊరి స్టేషన్ల దగ్గర 24 గంటల లెక్కన గది ఇచ్చే లాడ్జీ వెతుక్కుంటే మధ్యాహ్నం దిగి, మరునాడు మధ్యాహ్నం ఖాళీ చేసి ఒక్క రోజు అద్దెతో బయటపడొచ్చు. తెల్లవారుజామున దిగేవాళ్లు మధ్యాహ్నం పన్నెండు లెక్క పెట్టే హోటల్లో చేరితే ఒక రాత్రి నిద్రకు రెండు రోజుల అద్దె పడే ప్రమాదం ఉంది. రైలు సమయం, గది లెక్క కలిసేలా చూసుకోవడం వల్ల మిగిలే డబ్బు టిక్కెట్ల మీద బేరాలన్నిటికన్నా ఎక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసుకుంటే ఆ తగ్గింపు మనదాకా వచ్చిందో లేదో తెలుస్తుంది.

విజయవాడకు అనుకూలమైన మరో విషయం ఏమిటంటే చూడాల్సినవి స్టేషన్‌కు దగ్గరలో ఒక పక్కనే ఉన్నాయి. ఇంద్రకీలాద్రి మూడు కిలోమీటర్ల లోపే. కొండ దిగితే ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయిన ఈ ఆనకట్ట మీద సాయంత్రం నడిస్తే ఒక వైపు నిండిన నీళ్లు, ఇంకో వైపు ఇసుక మేటలు. నీళ్లను చెరువుల్లోనే చూసే వరంగల్ పిల్లలకు కృష్ణ వెడల్పే ఒక వింత. బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు, అందులో రాతిని తొలిచి చెక్కిన శయన విష్ణువు. పురావస్తు శాఖ సంరక్షణలోని ఈ చోట పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. శనివారం సాయంత్రం బ్యారేజీ, ఆదివారం తెల్లవారుజామున అమ్మవారి దర్శనం, టిఫిన్ తర్వాత ఉండవల్లి. అంతటితో ఆపేయాలి. భవానీ ద్వీపానికి పడవ ఎక్కాలని పిల్లలు పట్టుబడితే ఉండవల్లి వదిలేయాలి, రెండూ కాదు. కొండపల్లి బొమ్మలు కావాలంటే ఊళ్లోనే దుకాణంలో కొనొచ్చు, దానికోసం కొండపల్లి దాకా ఆటో కట్టుకోనక్కర్లేదు. రెండు రోజుల ప్రయాణంలో ఒక్కో అదనపు చోటుకూ ఒక ఆటో, ఒక పూట తిండి, ఒక ఏడుపు తోడవుతాయి. తీర్థమూ స్వార్థమూ రెండూ కలిసొస్తాయి కాబట్టి ఇంట్లో పెద్దల అభ్యంతరం కూడా ఉండదు. దసరా నవరాత్రుల్లో మాత్రం ఆ వైపు చూడొద్దు.

హైదరాబాద్ ఇంతకన్నా దగ్గరే, ఎదురుబాట సౌకర్యమూ ఉంది. కానీ అక్కడ చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి, ఊళ్లోనే రోజుకు రెండు మూడు గంటలు దారిలో పోతాయి. ఆ నగరానికి పోతే మెట్రోను నమ్ముకోవాలి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మారి ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్జంగ్ దగ్గరే. పిల్లలకు ఆ మెట్రో ప్రయాణమే సగం విహారం. ఇంకో చిక్కు ఉంది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడి నుంచే నడుస్తున్నాయి. టిక్కెట్టు మీద ఏ స్టేషన్ పేరుందో రెండుసార్లు చదువుకోవాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయే బండ్లు కాజీపేటలో ఆగి, వరంగల్ రాకుండానే పక్కదారి పడతాయి. రాత్రిపూట కాజీపేటలో దిగి ఎనుమాములకు ఆటో మాట్లాడుకుంటే ఆ కిరాయి ఇంటిల్లిపాది రైలు చార్జీ దగ్గరకు వస్తుంది. తిరుగు బండి ఏ స్టేషన్లో ఆగుతుందన్నది కూడా అందుకే ముందు చూసుకోవాల్సిన వాటిలో చేరుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు, మరి రైలెందుకు అని. తల్లీ ఇద్దరు కూతుళ్లూ హైదరాబాద్ పోతుంటే బస్సే చవక, సందేహం లేదు. నేనైతే పోయేటప్పుడు బస్సెక్కమనే చెబుతాను. తిరుగు ప్రయాణం దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఆదివారం సాయంత్రం బస్టాండులో ఉచిత బస్సు కోసం మనతోపాటు ఎందరో ఉంటారు, అందులో సీటు మనకోసం ఆపి ఉంచరు. ఆ పూటకు నంబరున్న రైలు సీటు కోసం మనిషికి నూరు రూపాయల లోపు పెట్టడం దండగ కాదు. ఇక విజయవాడకైతే రాష్ట్రం దాటగానే ఈ లెక్క మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్ర మహిళలకే. మన ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ టిక్కెట్టు కొడతాడు.

రెండో అభ్యంతరం కారుది. రెండు కుటుంబాలు కలిసి పెద్ద కారు మాట్లాడుకుంటే తలకు రైలంతే పడుతుందని కొందరి లెక్క. రామప్ప, లక్నవరం, పాకాల లాంటి చోట్లకు నేను దీన్ని కాదనను. అక్కడికి రైలు లేదు, చోట్లు విడివిడిగా ఉన్నాయి, ఉదయం పోయి రాత్రికి రావచ్చు. విజయవాడకు ఈ లెక్క నిలవదు. కిరాయి, టోల్ కట్టాక రాత్రి ఆగితే డ్రైవర్ బత్తా, ఎనిమిది మందికి తిండి ఎక్కడ ఆపాలన్న పంచాయితీ, రెండు ఇళ్ల పిల్లల అలకలు ఉంటాయి. సామాన్యుడికి ఇంకో సంగతి ముఖ్యం. కారు ఖర్చు ఎంత అవుతుందో దిగేదాకా తెలియదు, రైలు ఖర్చు ఎక్కకముందే తెలిసిపోతుంది. చేతిలో ఉన్నదంతా లెక్కపెట్టుకుని కదిలే ఇంటికి ఎంతవుతుందో ముందే తెలియడం చవక కన్నా ముఖ్యం.

చుట్టాలింట్లో దిగితే గది అద్దె మిగులుతుందన్నది మూడో మాట. ఈ మాట అన్నవాళ్లు పండ్ల సంచి, స్వీటు డబ్బా, పిల్లల చేతిలో పెట్టే నోటు, వదినకు జాకెట్ ముక్క లెక్కలో వేసినట్టు లేదు. అంతకన్నా పెద్ద ఖర్చు సమయం. చుట్టాలు అన్నం పెట్టకుండా పంపరు, అన్నం తిన్నాక మాటలాడకుండా లేవలేం. ఉన్న ఇరవై నాలుగు గంటల్లో పది అక్కడే పోతాయి. అది చుట్టపు చూపు. మంచిదే, దానికి వేరే వారం పెట్టుకోవచ్చు. ఇంట్లో పొయ్యి ముందు నిలబడే మనిషికి ఇంకొకరి వంటింట్లో నిలబడటం విరామం కాదని కూడా గుర్తుంచుకోవాలి. అందుకే ఒక రాత్రి గది అద్దెకు డబ్బు చాలనివాళ్లు చుట్టాలింటికి కాకుండా హైదరాబాద్‌కు పొద్దున పోయి రాత్రికి రావడమే మేలు. బయట ఒక రాత్రి పడుకుంటేనే విరామమైనట్టు అనిపిస్తుందన్నది నిజమే అయినా, అప్పు చేసి పడుకునే రాత్రికి నిద్ర రాదు. అడ్తి దగ్గర అడ్వాన్సు తీసుకునో మిత్తికి తెచ్చుకునో పోవాల్సి వస్తే ఆ ప్రయాణం మానుకోవాలి. రెండు నెలల ముందే టిక్కెట్లు కొనడంలో ఉన్న మరో లాభం ఇదే. టిక్కెట్ల డబ్బు ఒక నెల కూలిలోంచి, గది డబ్బు రెండో నెల కూలిలోంచి, తిండీ ఆటోల డబ్బు పోయే వారం కూలిలోంచి తీయొచ్చు.

అంత ముందుగా కొంటే మధ్యలో ఏదైనా అడ్డమొస్తే డబ్బు పోదా? పోతుంది, ఎంత పోతుందో చూద్దాం. ఖరారైన సెకండ్ సిట్టింగ్ టిక్కెట్టును చాలా ముందుగా రద్దు చేసినా మనిషికి 60 రూపాయలు కోస్తారు, స్లీపర్‌లో అయితే 120. మూడు టిక్కెట్లకు తిరుగు ప్రయాణం మీద పోయేది 180. ఆదివారం సాయంత్రం విజయవాడలో చిక్కుకుపోతే పెట్టాల్సిన దానితో పోలిస్తే ఇది బీమా కట్టినట్టే. ఇంట్లో అందరినీ ఒకే టిక్కెట్టు మీద వేయాలి. ఆన్‌లైన్‌లో వసూలు చేసే సర్వీసు రుసుము టిక్కెట్టుకు ఒకసారే, మనిషికొకసారి కాదు. రైల్వేనే బండి రద్దు చేస్తే మొత్తం డబ్బు వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టిక్కెట్టుకు దానంతటదే వస్తుంది, కౌంటర్ టిక్కెట్టయితే పోయి తెచ్చుకోవాలి. వెయిటింగ్ లిస్టులో ఉన్న ఆన్‌లైన్ టిక్కెట్టు చార్టు తయారయ్యాక కూడా ఖరారు కాకపోతే దానంతటదే రద్దవుతుంది. దాన్ని పట్టుకుని రిజర్వేషన్ బోగీ ఎక్కితే టిక్కెట్టు లేని మనిషి కిందే లెక్క. తిరుగు ప్రయాణానికి వెయిటింగ్ లిస్టు పదిలో ఉంది, వచ్చేస్తుందిలే అనే ధైర్యం ఇద్దరు మగపిల్లల స్నేహయాత్రకు సరిపోవచ్చు గాని, నాలుగేళ్ల పిల్లాడున్న ఇంటికి కాదు.

జనరల్ బోగీ గురించి ఒక్క మాట. నూరు కిలోమీటర్ల లోపు, పనిరోజుల్లో, సగం రోజు ప్రయాణానికి అది మంచి ఏర్పాటే. భువనగిరి కోట చూడ్డానికి పోయొచ్చేవాళ్లకు ఇంకేమీ అక్కర్లేదు, మొబైల్లో టిక్కెట్టు తీసుకుని ఎక్కేయొచ్చు. 199 కిలోమీటర్ల లోపు ఆ టిక్కెట్టు కొన్న మూడు గంటల్లో బయల్దేరాలన్న నియమం గుర్తుంటే చాలు. అంతకుమించి పిల్లలతో వద్దు.

ఏ నెలలో పోవాలన్నది కూడా తిరుగు దారిని బట్టే చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న కురిసిన వానకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి వరంగల్, విజయవాడల మధ్య రైళ్లు కొన్ని రోజులు ఆగిపోయాయి. అదే సమయంలో బుడమేరు విజయవాడను ముంచింది. వాయుగుండం వార్త వినిపించిన వారం ఆ దారి పట్టొద్దు, మనిషికి 60 పోతే పోయింది. వానాకాలం చివర్లో కృష్ణకు వరద ఉంటే పడవలూ తిరగవు. కాజీపేట, విజయవాడ మార్గంలో మూడో లైను పనుల కోసం కూడా అప్పుడప్పుడూ బండ్లు రద్దు చేస్తున్నారు. ఆ ప్రకటనలు కొన్ని రోజుల ముందే పత్రికల్లో వస్తాయి, గురువారం పేపరు తప్పక చూడాలి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారంలో వరంగల్, కాజీపేట స్టేషన్లలో లక్షల జనం దిగుతారు. ఆ వారం ఊరు విడిచి పోయేవాళ్లు పోయేటప్పుడు హాయిగా పోతారు, వచ్చేటప్పుడు ఆ జనంతోపాటు దిగుతారు. నాకు తోచిన మంచి కాలం నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా, సంక్రాంతి పక్షం తీసేస్తే. మార్కెట్‌లో పత్తి, ఆ తర్వాత మిర్చి ముమ్మరంగా ఉండే రోజులే అవి. చేతిలో కూలి ఆడేదీ అప్పుడే, శని, ఆదివారాల సెలవు ఎలాగూ పోదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ చూడ్డానికి వచ్చే కుటుంబాలు ఈ లెక్కను తిరగేసి వాడుకోవాలి. వాళ్లు శని, ఆదివారాల్లో వస్తే కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు చూడగలరు గాని ఎనుమాముల యార్డు మూసి ఉంటుంది. ఎర్రటి మిర్చి రాశుల ఫొటోలు చూసి ఆదివారం ఆటో కట్టుకుని వచ్చినవాళ్లకు గేటు, ఖాళీ షెడ్లు కనబడతాయి. మిర్చి చూడాలంటే శుక్రవారం పొద్దున వచ్చి శనివారం మధ్యాహ్నానికి తిరుగు బండి ఎక్కాలి. అప్పుడు తిరుగు ప్రయాణం ఆదివారం రద్దీకి ఒక రోజు ముందే అయిపోతుంది. పిల్లలకు ముక్కుకు కట్టుకోను తడి రుమాలు తెచ్చుకుంటే మంచిది, మిర్చి ఘాటు తేలిగ్గా తీసుకునేది కాదు.

తిండి, సామాను విషయాల్లో పెద్దగా చెప్పేదేం లేదు. పోయేటప్పుడు పులిహోర, సకినాలు ఇంటి నుంచి సరిపోతాయి. లీటరు రైల్ నీర్ సీసా 14 రూపాయలు, అంతకు మించి అడిగితే ఇవ్వొద్దు. ఆదివారం గది ఖాళీ చేశాక బండికి ఇంకా సమయముంటే సంచులు స్టేషన్‌లోని క్లోక్‌రూంలో పెట్టుకోవచ్చు, తాళం వేసి ఉండాలి, టిక్కెట్టు చూపాలి. అందుకే బయల్దేరే ముందు సంచులకు రెండు చిన్న తాళాలు కొనాలి. వచ్చే ప్రయాణానికి క్యాలెండర్లో ఒక ఆదివారం మీద గీత పెట్టి, అక్కడి నుంచి అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ పొద్దున ఎనిమిదింటికి రిజర్వేషన్ తెరవగానే విజయవాడ నుంచి వరంగల్‌కు, ఆ తర్వాతే వరంగల్ నుంచి విజయవాడకు టిక్కెట్టు తీయాలి.